మూలన గీసిన తప్పు

1994. రాయ్‌పూర్. శనివారం పగలు మూడు గంటలు.

తెలీబంధాలో, పంపుసెట్ల రిపేర్ బోర్డు చాటున నడిచే రహస్య చిప్ డిజైన్ ఆఫీసు మేడ మీద ఫోన్ మోగింది.

"గోధుమలు ఎండాయా?" ఢిల్లీ నుంచి చీఫ్.

"ఇంకా పచ్చిగానే ఉన్నాయి."

కోడ్ సరిపోయింది.

"విను. మన జవాన్ల వైర్‌లెస్ సెట్లలో పెట్టే చిప్‌ని విదేశీ ముఠా చెడగొడుతోంది. లోపలి మనిషితోనే. డిజైన్ టేప్ నాలుగింటికి జీపులో వెళ్లిపోతుంది. రూల్స్ ఫైల్ పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. ఒకరు నువ్వు."

లైన్ కట్టయింది.

ఏజెంట్ యోహాను రిసీవర్ పెట్టేశాడు. రెండేళ్లుగా ఈ ఊళ్లో అతను యోహాను కాడు, నుదుట బొట్టు పెట్టుకునే రైల్వే ఉద్యోగుల ఇంటి సూరిబాబు. ఆదివారం తెలుగు చర్చి ముందు సైకిల్ కాస్త మెల్లగా తొక్కి పాట వింటాడు. లోపలికి వెళ్లే యోగం లేదు. ఊరంతా హిందీ. నోరారా తెలుగు మాట్లాడేది ఒక్క విజయకుమారితోనే.

ఆ రెండో మనిషి ఆమే.

సిల్కు చీర, నల్ల కళ్లజోడుతో ఆమె గుమ్మంలో నిలబడింది. "సూరిబాబుగారూ, చెకింగ్ ఖతం. జీరో ఎర్రర్లు. టేప్ జీపులో పెట్టించేశా. చలో, కేరేజీ తెచ్చా, తిందాం."

జీరోనా? ఒకటి ఉండి తీరాలే, అనుకున్నాడు యోహాను.

చిప్‌లో తీగకీ తీగకీ మధ్య 1.2 మైక్రాన్ల ఎడం ఉండాలి. తగ్గితే షార్టే. ఆ హద్దు రూల్స్ ఫైల్లో ఉంటుంది. దాన్ని బట్టే చెకర్ అనే సాఫ్ట్‌వేర్ డ్రాయింగంతా గాలించి తప్పులు పట్టుకుంటుంది. చిప్ లేఔట్ గీయడం నేర్పిన భీమారావు మాస్టారికో అలవాటుండేది. చెకింగ్‌కి ముందు, ఖాళీ మూలన రెండు తీగముక్కలు కావాలనే ఒక్క మైక్రాన్ ఎడంతో గీసేవారు. చెకర్ ఆ తప్పు చూపించాకే దాన్ని నమ్మేవారు. ఈ పొద్దున యోహానూ అలాగే గీశాడు. ప్రోగ్రామింగ్ నుంచి వచ్చిన విజయకుమారికి ఆ అలవాటు తెలియదు.

"మీరు పదండి, వస్తా," అన్నాడు. ఆమె కేరేజీ బల్ల మీద పెట్టి కిందికి వెళ్లింది.

ఫైల్ తెరిచాడు. 1.2 ఉండాల్సిన చోట 0.8 ఉంది. దిద్ది, చెకర్ మళ్లీ నడిపాడు. అరగంట పట్టింది.

పద్దెనిమిది ఎర్రర్లు. ఒకటి తనది. పదిహేడు ఆమెవి.

మూడూ యాభై ఎనిమిది. పెన్ను క్యాప్‌లోని అలారం నొక్కి మెట్లు దూకాడు.

"గాడీ రోకో!" అని జీపు డ్రైవర్‌కి కేకేశాడు.

జీపు గేటు దగ్గర ఆగింది. ముందు సీట్లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. దాని వెనక నల్ల కళ్లజోడు. ఆమె కాల్చేలోగా, అలారం అందుకుని వచ్చిన గార్డు చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. టేప్ యోహాను చేతికొచ్చింది. నాలుగు కొట్టింది.

"నేనూ మీ చీఫ్ మనిషినేనండీ," అంది ఆమె నింపాదిగా. "మీ మీద నిఘాకే పంపారు. తరవాత అవతలివాళ్లూ పిలిచారు."

"మరి రోజూ ఆ కేరేజీ?"

"డ్యూటీ."

ఆ మాట అతనికి పిస్టల్ కంటే గట్టిగా తగిలింది.

పైకొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. "శెభాష్," అన్నాడు చీఫ్. "రేపు ఆదివారం సెలవు తీసుకో. సూరిబాబుగానే సుమా."

బల్ల మీద కేరేజీ ఇంకా వెచ్చగా ఉంది. గోంగూర. విషం కలిపి ఉండొచ్చన్న అనుమానం సగం తిన్నాక గాని రాలేదు. ఇక ముందు ఒక్కడే తినడం కంటే అదేమంత ఘోరం కాదనిపించి, మిగతా సగమూ తినేశాడు.