పొగమంచులో ఆఖరి క్వార్టర్

భూపాలపల్లిలో గని కార్మికుల పాత క్వార్టర్ల వైపు పొద్దుగూకాక ఎవరూ పోరు. వరుసలో ఆఖరిది కాటమయ్యది. ఆయన పోయి ఏళ్లయింది, తలుపు తాళం తుప్పు పట్టింది. అయినా చీకటి పడితే మెట్ల మీద కూర్చుని దగ్గుతాడని ఆ ఇంటికి పేరు... నేనైతే వినలేదు. వినడానికి అటు పోనూ లేదు.

ఇది ఐలేశ్ స్వయంగా చెప్పిన సంగతి. గనిలో రాత్రి డ్యూటీ చేసే మొండి మనిషి, కాబట్టి తను భయపడిన ముచ్చట కాస్త తగ్గించే చెప్పి ఉంటాడు.

ఆయన బిడ్డ స్రవంతికి వీడియో గేమ్‌లు తయారుచేసే పిచ్చి. ఆయనకేమో ఆ పిల్ల సర్కారు కొలువు కోచింగ్‌లో చేరాలని. ఇంట్లో రోజూ ఇదే లొల్లి. చివరికి పందెం కాశాడు.

"నీ గేమ్ నన్ను భయపెడితే నీ ఇష్టం. లేకుంటే రేపే కోచింగ్‌ల చేరాలె."

స్రవంతి ఆ పాత క్వార్టర్లనే గేమ్‌లో కట్టింది. వాటి మీద చిక్కటి తెల్ల పొగమంచు కప్పింది. ఆ మంచులోంచి తెల్లచీర దెయ్యం నడిచొస్తే నాయిన గుండె జారాలని ఆమె ఆశ.

ఐలేశ్ డ్యూటీకి పోయే ముందు టీ గ్లాసుతో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. స్రవంతి లైటు ఆర్పి, దెయ్యాన్ని పిలిచే కమాండ్ కొట్టింది.

మంచు... అంతా మంచే. దెయ్యం రాలేదు.

మళ్లీ కొట్టింది. రాలేదు. చెమటలు పడుతుంటే టకటకా కొడుతూనే ఉంది.

"ఏంది బిడ్డా, నీ దయ్యం ఇయ్యాల నాగా పెట్టిందా?"

ఉక్రోషం ఆగక, మంచు మొత్తం తీసేసే కమాండ్ కొట్టింది. ఫాగ్ సున్నా.

తెర తేటపడింది—

వీధి నిండా దెయ్యాలే! కొట్టినప్పుడల్లా ఒకటి వచ్చి నిలబడింది. తెల్లచీరలు తెల్ల మంచులో కలిసిపోయి కనబడలేదు, అంతే. రేషన్ దుకాణం ముందు జనంలా ఉన్నాయి.

ఐలేశ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నవ్వొచ్చింది గానీ భయం గాలే. రేపు కోచింగ్."

స్రవంతికి ఏడుపొచ్చింది.

అంతలో ఆయన నవ్వు ఆగింది. తెర మీదికి వంగి, గుసగుసగా అడిగాడు.

"గా ఆఖరి ఇంటి మెట్ల మీద... కాటమయ్యను ఎందుకు కూసోబెట్టినవ్?"

"నేనెవ్వల్ని కూసోబెట్టలే నాయినా... నా దయ్యాలకు కూసునుడు రాదు."

అన్నీ నిలబడే ఉన్నాయి. ఒక్కడే కూర్చుని ఉన్నాడు, భుజాన తువ్వాలతో.

స్రవంతి గబగబా మంచు మళ్లీ నింపే కమాండ్ కొట్టింది. చీరలు మాయమయ్యాయి... గోడలు మాయమయ్యాయి... మెట్లు కూడా పోయాయి.

కూర్చున్న మనిషి పోలేదు.

"కోచింగ్ వద్దు బిడ్డా," అన్నాడు ఐలేశ్. "జర గా గేమ్ బంద్ చెయ్."

ఆ రాత్రి గనికి నాగా పెట్టింది ఐలేశే.