నీలం పెట్టె చెప్పిన అబద్ధం

"నీలం దాన్ని కొనొద్దు..."

ఏజెంట్ లెంచో యోకుపీసియో ఆఖరి మాట అదే. గ్వైమాస్ రేవులో ఫోన్ బూత్‌లో నిలబడి ఆ ముక్క అన్నాడు, వీపులో తూటా దిగింది.

అవతల ఫోన్ పట్టుకున్నది సొనోరా రాష్ట్ర రహస్య విభాగం చీఫ్ దోన్ ఎలాదియో. వెంటనే ఏజెంట్ ఫెర్మీన్ బూర్కెస్‌కు కబురు పంపాడు.

"కరువు ఊళ్లన్నిటికీ డిటెక్టర్లు కొంటోంది సర్కారు. భూమిలో నీళ్లు, ఖనిజాలు వెతికేవి, చేత్తో మోసుకెళ్లేవి. వడపోతలో రెండే మిగిలాయి. పసుపుదీ, నీలందీ. రేపు మధ్యాహ్నం మంత్రిగారి సంతకం."

"ఏది మంచిది సార్?"

"పసుపుది మొద్దు. మోసేసరికి నడుం విరుగుతుంది. నీలంది చంకలో ఇమిడిపోతుంది, స్క్రీన్ మీద రంగుల బొమ్మలు కూడానూ. మంత్రిగారు దాని మీద మనసు పారేసుకున్నారు. ఎందుకు వద్దో లెంచో చెప్పలేకపోయాడు. నువ్వు ఋజువు తేవాలి."

"తోడెవరు?"

"సులేమా తరసోన్. జియాలజిస్టు. మనమ్మాయే."

ఆ 'మనమ్మాయే' అన్న మాట తలుచుకుంటే చీఫ్‌గారికి ఇప్పటికీ అన్నం సహించదు లెండి.

మర్నాడు పొద్దున గాలిమర మెకానిక్ వేషంలో ఫెర్మీన్, రెండు పెట్టెలనూ పరీక్షించడానికి సులేమా ఎంచిన పాత రాగి గని ముందు జీపు దిగాడు. పాము తోలు బూట్లు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో సులేమా ఎదురొచ్చింది.

"మీసం ఊడొస్తోంది మెకానిక్ గారూ, పట్టుకోండి."

"నవ్వింది చాలు, పద."

గనికి నిండు ఇనప తలుపు. కింద సిమెంటు గడప, పైన గాలి కోసం నాలుగు చిల్లులు. లోపల వంగి నడవాలి. ఫెర్మీన్ లాంతరు వెలుగులో నాలుగు ఇనప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, తీగలు పసుపు పెట్టెకు తగిలించాడు. కరెంటు తడి నేలలో సులువుగా, ఎండు రాయిలో కష్టంగా పోతుంది. ముల్లు గిర్రున తిరిగింది. దగ్గర్లోనే బోలెడు నీళ్లు! అవే కడ్డీలకు నీలం పెట్టె తగిలించాడు. స్క్రీన్ మీద 'ఎండు రాయి. నీళ్లు లేవు' అని పడింది.

మూత విప్పాడు. లోపల చిన్న ట్రాన్స్‌మిటర్, చుట్ట చుట్టిన ఏరియల్ తీగ.

"ఓహో! పట్టుకున్నవాడికి అబద్ధం, ఇంకెవరికో నిజం. ఎవరికి?"

"సముద్రంలో మా ఓడకి," అంది సులేమా. చేతిలో పిస్తోలు. "నీళ్లు లేవనుకుని రైతు భూమిని కారుచౌకగా అమ్ముకుంటాడు. మేం కొంటాం."

ఈల వేసింది. తలుపు ధడాలున మూసుకుంది, బయట ఆమె మనుషులు గడియ వేశారు.

"నువ్వూ లోపలే ఉన్నావే?"

"నిన్ను ఒంటరిగా వదిలితే ఎలాంటి తాళమైనా విప్పేస్తావటగా. సంతకం అయ్యేదాకా కూర్చుందాం. ఏవైనా కబుర్లు చెప్పు."

ఫెర్మీన్ కబుర్లు చెప్పలేదు. ఆమె చేతి మీద ఒక్క తన్ను తన్నాడు. గురి తప్పిన తూటా వెనక పుచ్చిన చెక్కల అడ్డుగోడలో దిగింది. గోడ కిర్రుమంది, మూలిగింది, కూలింది. దాని వెనక ఎన్నేళ్లుగా నిలవ ఉన్నాయో ఆ నీళ్లు, ఒక్కసారిగా మీద పడ్డాయి. పిస్తోలు ఎటు పోయిందో తెలియదు.

సులేమా తలుపు దగ్గరకు పరుగెత్తింది. "తీయండ్రా! నేనురా, సులేమాని! నీళ్లొచ్చేస్తున్నాయ్!"

బయట నవ్వులు. "మేడమ్ నటన అదిరింది! మేడమ్ అరిచినా తీయొద్దని మేడమే చెప్పారుగా!"

నీళ్లు నడుం దాకా వచ్చాయి. ఎముకలు కొరికే చలి. కప్పు నెత్తికి తగులుతోంది. ఫెర్మీన్ భుజంతో తలుపును గుద్దాడు, గుద్దాడు, భుజమే వాచింది. భయం వేసింది. చావు సంగతి అటుంచి, కబురు అందకపోతే సంతకం అయిపోతుంది. ఊళ్లకు ఊళ్లు తమ కాళ్ల కింద నీళ్లు పెట్టుకుని, భూములమ్ముకుని వలస పోతాయి. లెంచో ఊరికే చచ్చినట్టవుతుంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"వెతికి వెతికి ఈ గనే దొరికిందా నీకు?"

"నీలం పెట్టెతోనే చూశాను," సులేమా పళ్లు టకటకలాడాయి. "ఎండుగా ఉందంది. నాకిచ్చింది నిజం చెప్పే పెట్టె అన్నారు!"

"మమ్మల్ని అమ్మినదాన్ని వాళ్లు మాత్రం ఎలా నమ్ముతారమ్మా?"

నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఫెర్మీన్ నీలం పెట్టెను తడవకుండా ఎత్తి కప్పుకు ఆనించాడు. అప్పుడు తట్టింది.

"మీ ఓడవాళ్లకి రాగి అంటే ఇష్టమేనా?"

"ప్రాణం."

మునిగి లేచి, పెట్టె తీగలన్నీ గనిలో వదిలేసిన పాత ఖనిజం బండి తుప్పు ఇనుముకు బిగించాడు. నీళ్లలో నడిచే కరెంటు ఇనుములో పరుగెడుతుంది. దూరాన కూర్చుని అంకెలు చూసేవాడికి కింద రాగి కొండ ఉన్నట్టే. ఏరియల్ తీగను తలుపు చిల్లులోంచి బయటకు తోశాడు. మీట నొక్కాడు.

స్క్రీన్ మీద 'ఎండు రాయి' అని పడింది.

"అబద్ధం చెబుతోంది! అంటే పని చేస్తోందన్నమాట!"

గడ్డం తడిసింది. ఇద్దరూ మూతులు చిల్లులకు ఆనించి ఊపిరి పీలుస్తున్నారు. అంతలో బయట కాపలావాళ్ల జీపులో రేడియో గరగరమంది, ఓడ నుంచి వాళ్ల బాస్.

"ఒరేయ్, అక్కడ రాగి గుట్టే ఉంది! తలుపు తీసి మట్టి ముక్క తెండి!"

"మేడమ్ వద్దన్నారు బాస్..."

"మేడమ్ ఎవర్రా, నేనెవర్రా? తీయండి!"

గడియ లాగారు. అంతే, నీళ్లు వాళ్లను గుట్ట కిందికి ఈడ్చుకుపోయాయి. ఫెర్మీన్ దగ్గుతూ, పాకుతూ జీపెక్కి రేడియో అందుకుని చీఫ్‌కు సంకేతపు మాట చెప్పాడు.

"మామయ్యా, పిండి పులిసింది."

"రొట్టె కాల్చు," అంది చీఫ్ గొంతు. "త్వరగా చెప్పు, మంత్రిగారు పెన్ను తీశారు!"

"అక్కడున్న నీలం పెట్టె కడ్డీలు ఫౌంటెన్‌లో ముంచండి!"

రాజధాని ఎర్మొసీయోలో మంత్రిగారి పెన్ను కాగితానికి తగిలేలోపు చీఫ్ కోటుతో సహా ఫౌంటెన్‌లోకి దూకాడు. కడ్డీల మధ్య నుంచి ఓ ఎర్ర చేప ఈదుకుంటూ పోయింది. స్క్రీన్ మీద అందరూ చదివారు: 'ఎండు రాయి. నీళ్లు లేవు.' మంత్రిగారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. పసుపు పెట్టెలే కొన్నారు, నడుం విరిగినా సరేనని.

ఓడ ఆ సాయంత్రమే పట్టుబడింది. కానీ ఈలోపే రాగి మీద ఆశతో వాళ్ల దళారి పరుగున వెళ్లి, ఊరి ఉమ్మడి ఆస్తి అయిన ఆ గనిని అడిగినంత రేటు పోసి కొనేశాడు. ఊరి పెద్ద కంగారుగా ఫోన్ చేశాడు.

"అయ్యా, గని నిండా నీళ్లని మేం వాళ్లకి చెప్పలేదు. మోసం కేసవుతుందా?"

ఫెర్మీన్ ముక్కు చీదుకున్నాడు. "భయపడకండి పెద్దాయనా. నీళ్లు లేవని వాళ్ల యంత్రమే చెప్పింది."