శుక్రవారం సర్వే

తన వ్యాసానికి ప్లెయిన్స్‌బరో లైబ్రరీలో ఆరుగురు పిల్లలు పోస్ట్‌మార్టం చేస్తారని శశికాంత్ కలలో కూడా అనుకోలేదు.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినవాడు, పక్క గదిలోంచి తన పేరు వినబడి ఆగిపోయాడు. తెలుగు సంఘం పత్రికలోని ఇంగ్లీషు పేజీలకు రాసిన వ్యాసమది. ఒంటరిగా బతికేవాళ్ళే అందరికన్నా హాయిగా ఉంటారని అందులో తేల్చేశాడు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో పెళ్ళెప్పుడని అడిగే ఆంటీల నోళ్ళు మూయించడానికి రాశానని అందరికీ చెప్పాడు గానీ, నిజానికి తనకు తాను నచ్చజెప్పుకోవడానికే రాశాడు. రూమ్మేట్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయి రెండేళ్ళయింది.

శనివారాల్లో ఆ పిల్లలకు చదవడం నేర్పే టీచర్ స్మృతి. రాసినవాడు ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, చూపించిన ఆధారం ఆ మాటకు సరిపోతుందా అని నిలదీయడమే ఆనాటి పాఠం.

పదకొండేళ్ళ అవని చెయ్యెత్తింది. "ఆంటీ, ఈ అంకుల్ ట్వంటీ త్రీ పీపుల్‌ని అడిగాడు. కానీ ఫ్రైడే ఈవెనింగ్, వాళ్ళ బిల్డింగ్ లాండ్రీ రూమ్‌లో. అప్పుడు అక్కడ వేరే ప్లాన్స్ లేనివాళ్ళే ఉంటారు. మిగతావాళ్ళని అడగలేదు. మరి వీళ్ళే ఎక్కువ హ్యాపీ అని ఎలా తెలుసు?"

అంకుల్ అన్నందుకు కొంత, దొరికిపోయినందుకు కొంత, శశికాంత్‌కు ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి, రాసింది తానేనని చెప్పి, ఇరవై మూడు మందిలో ఇరవై ఒక్కరు హాయిగా ఉన్నామన్నారని వాదించాడు.

స్మృతి తడబడలేదు. "ఆ ఇరవై ఒక్కరిలో నేనూ ఉన్నాను. మీ బిల్డింగే, థర్డ్ ఫ్లోర్. ముక్కూ మొహం తెలియని మనిషి డ్రయర్ దగ్గర నిలబెట్టి అడిగితే, ఏడుస్తున్నానని ఎవరు చెప్తారండీ? హ్యాపీ అనేశాను."

పిల్లలు నవ్వారు. శశికాంత్‌కు నవ్వు రాలేదు. ఆమెను అడిగిన సంగతే అతనికి గుర్తులేదు. ఏడాదిగా ఒకే కప్పు కింద ఉంటున్నారు, ఆమె కూడా తనలాగే ఒంటరిగా ఉంది.

వ్యాసం సరిదిద్దుకుంటానన్న వంకతో మరుసటి శనివారం వెళ్ళాడు. ఆ పై వారమూ వెళ్ళాడు. చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాడు. క్లాసయ్యాక వానలో ఒకే గొడుగు కింద నడిచి వస్తూ ఆమె అతని వాదనలను ఒక్కొక్కటే చీల్చి చెండాడేది. తన ఇంటి తలుపు తీస్తే మాత్రం మళ్ళీ అదే నిశ్శబ్దం. పొగ వస్తే మోగే అలారం, బ్యాటరీ అయిపోవచ్చి కీచుమంటున్నా, ఇంట్లో ఏదో ఒక చప్పుడుంటుందని మార్చకుండా వదిలేశాడు.

అయిదో శనివారం పిల్లలు వెళ్ళాక, ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. మీరంటే నాకిష్టం అన్నది మొదటి వాక్యం. దాని కింద ఆధారాలు: రోజూ ఒక్కడికే వండుకునే అరగ్లాసు బియ్యం, అలారం, నోరు విప్పే అవసరం లేని ఆదివారాలు.

స్మృతి రెండుసార్లు చదివి ఎర్ర పెన్ను తీసింది.

"ఇవన్నీ మీరు ఒంటరిగా ఉన్నారనడానికి ఆధారాలు. నేనంటే ఇష్టమనడానికి కావు. ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నా మీకు సరిపోతుంది. అలా ఎవరో ఒకరిగా ఉండడం నావల్ల కాదు, శశికాంత్ గారూ."

ఆమె అన్నది నిజమే. ఇప్పుడు నోరు మెదపకపోతే ఈమె కూడా దూరమైపోతుందని అతనికి భయమేసింది.

"పోయిన శనివారం మీకు జ్వరమని క్లాసు లేదు కదా. నలుగురిలో పడితే ఒంటరితనం పోతుందని పాట్‌లక్‌కి వెళ్ళాను. అరవై మంది ఉన్నారు. అందరూ బాగా పలకరించారు. ఇంట్లో ఒక్కడినే ఉన్నప్పటికన్నా ఎక్కువ దిగులేసింది. మీరు తిన్నారో లేదో అని, రెండుసార్లు థర్డ్ ఫ్లోర్ దాకా వచ్చి, తలుపు కొట్టలేక వెళ్ళిపోయాను."

స్మృతి కాగితం మీద ఒక్క గీతైనా పెట్టకుండా పెన్నుకు మూత బిగించింది.

"తినలేదు," అంది. "ఈసారి తలుపు కొట్టండి."