మామగారి సిగరెట్టు, కోడలి వత్తి

మామగారి తద్దినం రోజున కూడా మిరాన్ పొద్దున్నే వంటింటి వెనక బాల్కనీలో చేరింది. వాషింగ్ మెషీన్ మూతే ఆమె బల్ల. దాని మీద సిగరెట్టుకి బదులు ఆవిరి పీల్చే వేప్ గొట్టం, దానికి బిగించే బొటనవేలంత గిన్నె, చిన్న స్క్రూడ్రైవర్, కత్తెర, సన్నపళ్ల దువ్వెన. మసాన్ ఊళ్లో చేపల మార్కెట్ పక్క సందులో ఏళ్ల తరబడి ఆడవాళ్ల జుట్టు కత్తిరించి, రంగేసి, ఉంగరాలు తిప్పిన చెయ్యి అది. వెంట్రుకంత తీగను స్ప్రింగులా చుట్టి గిన్నెలో బిగించడం ఆ చేతికి ఎంత పని!

కష్టమంతా దూదితోనే. తీగ చుట్టలోంచి దూదిని వత్తిలా దూర్చాలి. బిగువైతే నికోటిన్ ద్రవం పీల్చదు, మాడి గొంతు మండుతుంది. వదులైతే కారి జేబంతా జిగురు. దూది జరిగేటప్పుడు కాస్త మొరాయించాలి, తీగ మాత్రం కదలకూడదు. అలా కుదిరిన రోజున మొదటి దమ్ముకే ఆవిరి మెత్తగా వస్తుంది. ఇక ఆ రోజంతా ఎవరేమన్నా మిరాన్ పట్టించుకోదు.

పళ్లు తోముకుంటూ వచ్చాడు ఆమె భర్త గితే.

"షాపులో తయారుగా దొరికేదానికి ఇంత తంటా ఏంటి?"

"అది వారం తిరక్కుండా మాడిపోతుంది. దూది పొట్లం ఒకటి కొంటే నెలలకొద్దీ వస్తుంది. ఆదా కాదూ?"

"ఆదానా! ఆ మీటరూ, ఆ పట్టకార్లూ, ఆ తీగచుట్టలూ కొన్న డబ్బుతో మనం జేజు దీవి చూసొచ్చేవాళ్లం."

"నువ్వు జేజు వెళ్లి చేసేదేముంది? అక్కడా పడుకుంటావు."

గితే నురగనోటితోనే నవ్వాడు. మంచివాడే. అక్క ఎదురుగా ఉంటే మాత్రం నోరు లేవదు, అదొక్కటే లోపం.

మిరాన్ పాత వత్తి పీకేసి, కొత్త దూది చేతిలోకి తీసుకోబోతుండగా ఫోన్ మోగింది. తద్దినం పళ్లెంలోకి చెప్పిన పెద్ద చేప వచ్చిందట, వెంటనే రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తుందట చేపలామె. మిరాన్ వేప్‌ని ఏప్రన్ జేబులో పడేసుకుని, దూది డబ్బా అక్కడే వదిలి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి బాల్కనీ అద్దంలా మెరుస్తోంది. రబ్బరు గ్లవ్స్ వేసుకుని గితే అక్క ఓక్జు నిలబడి ఉంది. తెగు అనే ఊరి నుంచి మొదటి బస్సుకే దిగిపోయింది.

"వదినా, ఇక్కడ నీలం డబ్బా ఉండాలే?"

"పారేశాను. చెత్త బండి కూడా వెళ్లిపోయింది."

"అందులో నా దూది ఉంది వదినా!"

"తెలిసే పారేశాను మరదలా. నాన్న ఇంటికొచ్చే రోజు. ఈ పొగ సామాను కంటబడితే గుమ్మంలోంచే తిరిగెళ్లిపోతాడు."

"ఎవరు, మామయ్యా? పొగ చూసి పారిపోయే మనిషేనా ఆయన?"

హాల్లో కూర్చుని పళ్లెంలోకి చెస్ట్‌నట్ కాయలు ఒలుస్తున్న అత్తగారు బున్రే గట్టిగా దగ్గింది. అది దగ్గో నవ్వో ఎవరికీ తెలియలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. మిరాన్ పళ్లు బిగబట్టి వంటింట్లోకి నడిచింది.

వత్తి లేని వేప్ ఉత్త రేకు డబ్బా. ముఖం తుడుచుకునే దూది బిళ్లలు తీసి చూసింది. వాటిలో సగం ప్లాస్టిక్ పోగులు, వేడికి కరిగిపోతాయి. మంచి దూది అమ్మే షాపుకి బస్సెక్కి ఊరవతలికి పోవాలి, పోయినా ఇవాళ ఆదివారం, అది మూసి ఉంటుంది. సిగరెట్టు కావాలంటే మాత్రం మెట్లు దిగితే చాలు. కూరగాయ ముక్కలకి పిండి అద్ది, గుడ్డు సొనలో ముంచి, పెనం మీద అట్లు వేయిస్తూ ఆమె మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చింది. ఆ తర్వాత చెయ్యి మాటిమాటికీ వేప్ ఉన్న జేబులోకి పోసాగింది.

"నాన్న సిగరెట్లు తెచ్చావా?" ఓక్జు అడిగింది.

"తెచ్చాను." ఏప్రన్ రెండో జేబులో ఉంది పెట్టె. పొద్దుట్నుంచీ కుంపటిలా కాలుస్తోంది.

మామగారు పోయింది ఊపిరితిత్తుల జబ్బుతో. అయినా పోయినవాళ్లకి ఇష్టమైంది పెట్టాలిగా! ఏటా ఆయన ఫొటో ముందు బియ్యం సారా పక్కనే బూడిద గిన్నెలో వెలిగించిన సిగరెట్టు ఒకటి పెడతారు. ఊరికే అగ్గి చూపిస్తే సిగరెట్టు అంటుకోదు, ఎవరో ఒకరు దమ్ము లాగాల్సిందే. గితేకి ఉబ్బసం. ఓక్జు జన్మలో ముట్టలేదు. బున్రే పెద్దావిడ. మొదట్నుంచీ ఆ పని మిరాన్‌దే, ఎందుకంటే ఆమె తాగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

పోయినేడు తద్దినం నాటికి ఆమె సిగరెట్టు మానేసి ఉంది. అయినా అడిగారని ఒక్క దమ్ము లాగింది. ఆ చలికాలమంతా సెలూన్ వెనక చెత్తడబ్బాల పక్కన నిలబడి పెట్టెలకి పెట్టెలు తగలేసింది. మళ్లీ ఈ వత్తుల పుణ్యమా అనే బయటపడింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

సాయంత్రం పళ్లేలన్నీ సర్దారు. చేప తల తూర్పుకి తిప్పారు. పెద్దాయన లోపలికి రావడానికి వీధి తలుపు ఓరగా తీశారు. గితే సారా పోసి మొక్కాడు. మిరాన్ తీసిచ్చిన పెట్టెలోంచి ఓక్జు ఒక సిగరెట్టు లాగి మరదలి ముందు చాపింది.

"ఊఁ, వెలిగించు."

"నేను వెలిగించను వదినా."

ఓక్జు సిగరెట్టు ఇంకాస్త ముందుకి చాపింది.

"ఏంటీ కొత్త వేషాలు? రోజూ ఆ గొట్టం పీల్చేదానివేగా!"

"ఆ గొట్టం పీల్చేది దీన్ని ముట్టకుండా ఉండడానికే."

"రెండూ ఒకటే. చొక్కా మార్చుకుంటే దొంగ దొర అవుతాడా?"

"దొరని నేను అన్లేదు. అదీ చెడ్డ అలవాటే, ఒప్పుకుంటాను. కానీ పోయినేడు నువ్విచ్చిన ఒక్క దమ్ముతో చలికాలమంతా మళ్లీ కాల్చాను. మీరెవరూ చూళ్లేదు. ఇంకోసారి నావల్ల కాదు."

గితే గబుక్కున భార్య వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాడివి? మీ అక్కకి ఎదురు చెప్పేవాడివా?"

ఓక్జు కళ్లు ఎర్రబడ్డాయి. "ఏడాదికోసారి వస్తాడు మా నాన్న. కన్నకూతుర్ని కాబట్టి నాకు కడుపు తరుక్కుపోతుంది. నీకేం?"

"ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నేల మీద పడుకున్నది నేను వదినా. నీకేం అని మాత్రం అనకు."

"పోనీ మిరాన్," గితే నసిగాడు, "ఈ ఒక్కసారికీ..."

ఆ మాటతో మిరాన్‌కి ఒళ్లు మండిపోయింది. గిర్రున తిరిగి అత్తగారి గదిలోకి వెళ్లింది. బీరువా పై అరలోంచి పట్టు రజాయి ఒకటి దించింది. పెళ్లప్పుడు అత్తమామల కోసం తను తెచ్చిన రజాయి అది. పాడైపోతుందని బున్రే ఒక్కనాడూ కప్పుకోకుండా సంచీలో దాచుకుంది. హాలు మధ్యలో పరిచి, కత్తెరతో కుట్టు పరపరా కోసింది మిరాన్.

"అమ్మ రజాయి! నీకు పిచ్చెక్కిందా?" ఓక్జు కేక పెట్టింది.

"మా అమ్మ అసలైన పత్తి కోసం ఊళ్లు తిరిగి కుట్టించింది. నాకివాళ దూది కావాలి. ఉన్నది పారేసిందెవరు?"

గుప్పెడు దూది లాగి వంటింట్లోకి నడిచింది. తద్దినం పులుసు పక్క పొయ్యి మీదే గిన్నె పెట్టి, దూదిలోని జిడ్డు పోయేదాకా ఉడికించింది. నీళ్లు పిండేసి, జుట్టు ఆరబెట్టే మెషీన్ కింద పెట్టి ఆరబెట్టింది. ఆ మెషీన్ హోరు మధ్య ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు.

"తలుపు తీసి ఉందే... నాన్న వచ్చేస్తాడే..." ఓక్జు గొణిగింది.

"వస్తే కాస్త ఆగమను."

జేబులోంచి వేప్ తీసి, దూదిని దువ్వెనతో దువ్వింది. దూర్చింది. బిగువైంది, తీసేసింది. కొంచెం పలచన చేసి మళ్లీ దూర్చింది. ఈసారి దూది కాస్త మొరాయించి, జరిగింది. కొసలు కత్తిరించి, గిన్నెలోకి మడిచి, ద్రవం చుక్కలేసింది. రోజూ అయితే బాత్రూంలోకి వెళ్లేది. ఇవాళ అందరి ముందూ నిలబడి పీల్చింది. కాస్త పచ్చి వాసన ఉంది, అయినా ఆవిరి మెత్తగానే వచ్చింది. తన చేత్తో తను చేసుకున్న మందులా ఉంది ఆమెకి.

"ఇప్పుడడగండి," అంది. "ఇప్పుడూ వెలిగించను."

అంతసేపూ ఓ మూల కూర్చున్న బున్రే మోకాళ్లు పట్టుకుని లేచింది. కోసిన రజాయి వైపు ఒకసారి చూసింది. దాని కోసం ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఆవిడ కూతురి దగ్గరికెళ్లి చేతిలోని సిగరెట్టు తీసుకుంది.

"ఆసుపత్రిలో నర్సులు లాక్కుంటే, దిండు గలీబులో దాచి మీ నాన్నకి ఇచ్చేదాన్ని," అంది. "ఒకరోజు రొప్పుతూ అన్నాడు, 'బున్రే, రేపు నేను ఏడ్చి అడిగినా ఇవ్వకు' అని. మర్నాడు ఏడ్చాడు. ఇచ్చేశాను. మొగుడు అడిగింది ఇవ్వడమే ప్రేమనుకున్నానే! ఒక్కరోజు, ఒక్కరోజు ఇవ్వను అని ఉంటే..." చేతిలోని సిగరెట్టు వైపు చూసింది. "ఈ పిల్ల అంటోంది. ఈ మాట అనాల్సింది నేను."

ఆవిడ సిగరెట్టుని రెండు ముక్కలు చేసింది. ఓరగా తీసిన తలుపు వైపు తిరిగి, బతికున్నప్పుడు ఆయన్ని వీధిలోంచి లోపలికి పిలిచే గొంతుతోనే అంది.

"ఏమయ్యా, వినబడుతోందా? ఇవాళ్టితో నీక్కూడా బంద్. సారా ఉంది, చేపుంది, కడుపునిండా తిను. సిగరెట్టు కావాలంటే నన్నడక్కు, నేనివ్వను."

ఓక్జు కూలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. గితే భార్య పక్కకొచ్చి, ఏమనాలో తెలియక, ఆమె చేతిలోని కత్తెర తీసి పక్కన పెట్టాడు. మిరాన్ మామగారి ఫొటో ముందు మోకరిల్లి నేలకి నుదురు ఆన్చింది. పొద్దుట్నుంచీ బిగబట్టిన ఏడుపంతా అప్పుడొచ్చింది. లేవలేకపోయింది.

"లే తల్లీ," అంది బున్రే. "ఆ రజాయి రేపు నువ్వే కుట్టాలి."

"కుడతాను అత్తయ్యా. కానీ కొంచెం దూది ఉంచుకుంటాను."

"ఉంచుకో," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "అందులో బోలెడుంది."