పాపాయి మామ్మ పెట్టిన శోకం

ఉదయభాస్కర్‌కి కడియంలో నర్సరీ ఉంది. పగలంతా మొక్కలు లారీలెక్కించడం, సాయంత్రమైతే షెడ్డు పక్క గదిలో కూర్చుని ఎవరూ వినని పాటల్ని పదిమందికీ పరిచయం చెయ్యడం అతని పని. మొదటిది కూడు పెట్టేది, రెండోది ప్రాణం. యూట్యూబ్‌లో అతనికో చానెల్ ఉంది. వారం వారం గిటార్ల హోరులో గొంతు చించుకుని అరిచే ఓ ఎక్స్‌ట్రీమ్ మెటల్ రికార్డు, దాని పక్కన ఓ జానపదం. ఎక్కడో మంచు దేశంలో గొడ్లసావిట్లో రికార్డు చేసి, గుప్పెడు క్యాసెట్లు మాత్రమే వేసిన బ్లాక్ మెటల్ గురించి చెప్పి, వెంటనే మన గోదావరి లంక ఊళ్ళో అమ్మవారి గరగలెత్తినప్పటి డప్పులు వినిపించేవాడు. "రెండూ ఒకే కడుపులోంచి వచ్చిన కేకలు, వినండి" అనేవాడు. పేరున్న బ్యాండ్ల జోలికి పోయేవాడు కాదు. అందరికీ తెలిసింది చెప్పడానికి మనమెందుకని అతని పొగరు.

"ఎవరో పీక పిసుకుతుంటే అరిచినట్టుందండీ" అని వెక్కిరించేది భార్య హారతి. వెక్కిరిస్తూనే ఆ వీడియోలకి బొమ్మలన్నీ తనే చేసి పెట్టేది.

ఓసారి డూమ్ మెటల్ గురించి చెబుదామనుకున్నాడు. శవయాత్ర నడిచినంత నెమ్మదిగా సాగే సంగీతం అది. దాని పక్కన పెట్టడానికి మన వైపు ఆడవాళ్ళు చావింట్లో పెట్టే శోకం కంటే తగిన జోడీ ఏముంటుంది? వాకబు చేస్తే ఆత్రేయపురం అవతల కాలవగట్టున ఉండే పాపాయి మామ్మ పేరు చెప్పారు. ఆవిడ రాగం తీస్తే బద్ధ శత్రువు కూడా కళ్ళు తుడుచుకోవాల్సిందేనట.

మామ్మ అరుగు మీద మైకు పెట్టాడు. ఆవిడ మైకు వంక చూసి, "ఎవరు పోయారు బాబూ?" అంది.

"ఎవరూ పోలేదు మామ్మా. ఊరికే, రికార్డింగుకి."

ఆవిడ మొహం ముడుచుకుంది. "చావు లేని శోకం పెట్టకూడదు నాయనా, కీడు. పేరు చెప్పు, వరస చెప్పు. అప్పుడే గొంతు లేస్తుంది."

అప్పుడైనా మైకు సర్దుకుని దండం పెట్టి వచ్చేయాల్సింది. రాలేదు. ఆ క్షణాన ఒకే ఒక్క పేరు నోటికొచ్చింది.

"హారతి. నా భార్య... ఈమధ్యే పోయింది."

అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికే తెలీదు. మామ్మ కళ్ళు చెమర్చాయి. "అయ్యో, నా తల్లే" అని అతని తల నిమిరింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ నా కూతురో..." అని ఎత్తుకుంది. ఉదయభాస్కర్ ఒళ్ళు గగుర్పొడిచింది. అంతలోనే, రికార్డరు మీద గొంతు లెవెల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

పోయినవాళ్ళ తాలూకు ఎవరో ఒకరు ఏడ్చే మనిషి భుజం మీద చెయ్యి వేసి, ఊరుకోమ్మా అనాలి. అలా అంటేగానీ శోకం దిగదు. ఆ సంగతి ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళందరికీ తెలుసు, అతనికీ తెలుసు. కానీ అంటే తన గొంతు రికార్డులో పడుతుంది. అంత మంచి రికార్డు పాడవుతుంది. అందుకని అనలేదు. కావలసినంత అయ్యాక చప్పుడు కాకుండా తీగలు చుట్టుకుని బండెక్కాడు. కాలవగట్టు మలుపు తిరిగేదాకా ఆ ఏడుపు వెనకాలే వచ్చింది.

వీడియోకి మంచి పేరొచ్చింది. ఆ వారంలోనే హారతికి కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది.

ఏడుపు కాదు. కూర తరుగుతున్నా, ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నా ధారగా కారేవి. పొద్దున్న లేచేసరికి తలగడ తడిసి ఉండేది. రాజమండ్రిలో డాక్టర్ చుక్కల మందు రాసిచ్చాడు. తగ్గలేదు. మనిషి రోజురోజుకీ పలచబడిపోతోంది. ఉదయభాస్కర్‌కి అన్నం సహించడం మానేసింది. తను దించకుండా వచ్చిన శోకమే అదని తెలుసు. తెలిసినా నోరు విప్పలేదు.

ఓ సాయంత్రం వాన పట్టింది. ఇంట్లోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రికార్డు మొదటినుంచీ, ఈసారి మాటలు పట్టించుకుంటూ విన్నాడు. ఉయ్యాల మీంచి పడి గడ్డం కింద చీరుకున్న మచ్చ గురించి మామ్మ ఏడుస్తోంది. హారతికి ఆ మచ్చ ఉంది. అతను చెప్పలేదే...

"కళ్ళలో నీళ్ళన్నీ అయిపోయాక... వెళ్ళిపోయావా నా కూతురో..."

హెడ్‌ఫోన్స్ లాగి పడేశాడు. వంటింట్లోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఏడుస్తున్నావా?"

"లేదండీ. ఊరికే కారుతున్నాయి."

వానలోనే బండి తీశాడు. ధవళేశ్వరం బ్యారేజీ మీద గాలి బండిని పక్కకి తోసేస్తోంది. కాలవగట్టు చేరేసరికి మసక చీకటి. కుళ్ళిన గడ్డి వాసన, ఒండ్రు వాసన. మామ్మ ఇంట్లో దీపం లేదు.

కోడలు ఎదురొచ్చింది. "ఆయ్, మీరా బాబుగారూ! మీరెళ్ళిన కాణ్ణుంచీ మా అత్తగారు ఊరుకోవట్లేదండి. మేం ఎంత చెప్పినా వినదండి. ఆ పిల్ల తాలూకు మనిషే రావాలంటదండి."

లోపల ఏ చప్పుడూ లేదు. గోడకి ఆనుకుని మామ్మ ఊగుతోంది. ముందుకీ... వెనక్కీ... గొంతు ఎప్పుడో పోయింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. హారతమ్మా... హారతమ్మా...

చెయ్యి వేశాడు. భుజం చల్లగా, తడిగా ఉంది.

"ఊరుకో మామ్మా. చాలు."

ఊగడం ఆగింది. మామ్మ తలెత్తింది.

"నిజం చెప్పు బాబూ," అంది గుసగుసగా. "పిల్ల పోయిందా? బతికుంటే ఈ శోకం దించే తీరు వేరు, పిల్ల బతికే ఉందని నువ్వు నోటితో చెప్పి వేసిన చెయ్యి తియ్యాలి."

గుమ్మంలో కోడలు, ఆవిడ వెనకాల ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. అందరూ అతన్నే జాలిగా చూస్తున్నారు. బతికున్న పెళ్ళాన్ని పాట కోసం చంపానని వాళ్ళ ముందు ఎలా చెప్పడం? 

"పోయింది మామ్మా."

ఆవిడ నిట్టూర్చింది. "అయితే సరే. పిల్ల ఇంక ఏడవదులే."

దారి పొడుగునా తనని తానే తిట్టుకున్నాడు. వెనక్కి తిరుగుదామని బ్యారేజీ మీద ఓసారి ఆగాడు కూడా. తిరగలేదు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఆ వేళ ఆ రెండింటికీ పెద్ద తేడా లేకపోయింది.

ఇంట్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. హారతి నవ్వుతూ గదిలో నిలబడి ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. పూర్తిగా పొడిగా.

"చూశారా, తగ్గిపోయింది!"

అతనికి ప్రాణం లేచొచ్చింది. చెప్పేద్దాం, ఇప్పుడే అంతా చెప్పేసి కాళ్ళ మీద పడదాం అనుకున్నాడు. "ఎప్పుడు తగ్గింది?"

"ఇందాక దీపం పెడుతుంటే. వెనకనించి వచ్చి, భుజం మీద చెయ్యేసి ఊరుకో అన్నారుగా. అంతే, టక్కున ఆగిపోయాయి. ఎప్పుడొచ్చారా అనుకున్నా. మీ గొంతేనండీ."

ఉదయభాస్కర్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. హారతి ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది. అక్కడ చీర తడిసి... నలిగి... అదిమిపెట్టినట్టు లోపలికి పోయి ఉంది.

"చెయ్యి మాత్రం ఇంకా తియ్యలేదండీ," అంది.