పాము నయమైనంక చెప్త

"పాము నయమైనంక చెప్త ఆంటీ."

పెళ్లిచూపుల్లో పిల్ల ఇలాంటి జవాబిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ముస్తకీమ్ తల్లి అమీరున్నీసా సగం తాగిన చాయ్ కప్పు కింద పెట్టేసి లేచింది. చుట్టాలంతా చెప్పుకుని చెప్పుకుని నవ్వుకున్నారు. ముస్తకీమ్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆ పశువుల డాక్టర్ మహీన్ అతనికి చూడగానే నచ్చింది మరి. ఇష్టం లేకుంటే లేదనొచ్చుగా, నడుమ ఈ పామేంటి?

నెల తిరక్కుండానే ఆ పాము అతని ముందుకే వచ్చింది.

అతను పనిచేసేది భద్రాచలంలో ఓ కంటి దవాఖానాలో, స్కానింగ్ గదిలో. మధ్యాహ్నం పేషెంట్లు వెళ్ళిపోయాక మహీన్ వానలో తడిసి వచ్చింది. వెనకే ఫారెస్టు వాచర్ దూలయ్య, భుజాన బరువైన సంచి.

"మీ పెద్ద డాక్టరు గారు సరేనన్నరు. దీని కన్ను స్కాన్ చెయ్యాలె," అంది మహీన్ తలెత్తకుండా.

"నిజంగనే పాముందా?" నోరు జారాడు ముస్తకీమ్.

"అబద్ధమనుకున్నరా?"

దూలయ్య సంచి మూతి విప్పి చూపించాడు.

అది గోదావరి వరదలో కొట్టుకొచ్చిన కొండచిలువ. పాముకు రెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది, కుబుసంతో పాటే అదీ ఊడి కొత్తది వస్తుంది. దీని కుడి కంటికి పాత పొర ఊడలేదు. పెళ్లిచూపులకు ముందురోజు మహీన్ దాన్ని పట్టకారుతో లాగింది. కన్ను తెల్లబడింది.

"అసలు పొర గూడ చింపిన్నేమో. చూపు పోతే అడవిల ఇడవరు, బతుకంతా బోనే. గా పాపం మెడకేసుకొని మీ ఇంట్ల ఎట్ల నవ్వుకుంట తిరగాలె?" ఆమె కళ్ళలోంచి నీళ్లు కారాయి.

ముస్తకీమ్‌కు సిగ్గేసింది. ఇన్నాళ్లూ తన పరువు గురించే ఏడ్చాడు తను!

దూలయ్య పాము తలను మెషిన్‌కు ఆనించి పట్టుకున్నాడు.

"ముట్టుకునుడు లేదు, సూది లేదు. వెలుతురుతోనే ఫోటో తీస్తది," అని మహీన్‌కు ధైర్యం చెప్పాడు ముస్తకీమ్. ఆపైన అలవాటు కొద్దీ, "రెప్ప కొట్టకుండ సూటిగ చూడండి," అన్నాడు.

"దానికి రెప్పలే లెవ్వు గద సారూ!" అన్నాడు దూలయ్య.

ఏడుస్తున్న మహీన్ ఫక్కున నవ్వింది.

ముస్తకీమ్ ఒకటికి మూడుసార్లు స్కాన్ తీశాడు.

"గిటు చూడండి. పైన చినిగింది పాత పొర. కింద సన్నగ ఇంకో గీత కనవడ్తుందా? గది అసలుది. ఎక్కడా తెగలే."

"లోపల?"

"లోపల గూడ మంచిగనే ఉంది."

మహీన్ కళ్ళు తుడుచుకుంది.

"ఇగ ముట్టకండి. మళ్ల కుబుసం విడిచేదాక ఆగండి," అన్నాడు.

"మరి మీరు?"

"నేను గూడ ఆగుత."

ఆరు వారాలకు చర్ల అడవిలో పామును వదిలారు. రాళ్ల నడుమ దారి చూసుకుంటూ, ఎక్కడా తడబడకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే మహీన్ ముస్తకీమ్ ఇంటికొచ్చి, అమీరున్నీసా ముందు కాగితం పొట్లం విప్పింది. లోపల కుబుసం. తల దగ్గర రెండు కళ్ళ పొరలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కుడివైపు చినిగిన పాత పొర కూడా అంటుకునే ఉంది.

"ఏంది బిడ్డా ఇది?"

"నా జవాబు అమ్మీ. పాము నయమైంది."

అమ్మీ అన్న మాటకు అమీరున్నీసా కళ్ళు చెమర్చాయి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని లోపలికి కేకేసింది.

"ముస్తకీమ్, జల్దీ చాయ్ పెట్టు. ఆనాడు సగమే తాగిన!"