గోడ మీద చెక్‌డ్యామ్

పొద్దున ఆరింటికి కరెంటు వచ్చింది. చెన్నమ్మ చేతిలో చీపురు పడేసి, పరుగున తోటకు పోయి స్టార్టరు నొక్కింది. పైపు గుర్రుమంది, రెండుసార్లు దగ్గింది, దోసెడు బురద కక్కి ఊరుకుంది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు.

"నీ పాడుగాను! నిన్నటికి నిన్న పది చెట్లకన్నా పారినావు గదే!" అని పైపును తిట్టి మోటారు ఆపేసింది.

రెండు వందల చీనీ చెట్లు, బయటివాళ్ళ మాటలో బత్తాయి చెట్లు. ఎనిమిదేళ్ళ కిందట తన చేతులతో పాదులు తీసి పెట్టిన చెట్లు. ఇప్పుడు వాటి ఆకులు ముడుచుకుపోయాయి, పిందెలు నిమ్మకాయంతైనా కాకుండానే రాలిపోతున్నాయి. ఇంకో నెల ఇట్లాగే ఉంటే చెట్లే ఎండిపోతాయి. చీనీ చెట్టు ఒకసారి ఎండితే మళ్ళీ నాటుకోవడమే, మళ్ళీ అయిదేళ్ళు కాపు కోసం కాచుకోవడమే. అంత ఓపిక తనకు ఎక్కడిది?

ఇంటికొచ్చేసరికి మొగుడు హనుమంతరాయుడు గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని, అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు. ఊళ్ళో ఆయన వార్డు మెంబరు, పైగా నీటి కమిటీ చైర్మను. చైర్మను గారింట్లో బోరెండిపోయిందంటే ఎవరైనా నవ్విపోతారు.

"ఏమప్పా, బోర్లో నీళ్ళు లేవు."

"సాయంత్రం జూస్తాంలే మ్మే."

"సాయంత్రానికి యాడ నుంచి వస్తాయి? మీ జయరాముడన్న ట్యాంకరు తోలిస్తాడా?"

"పొద్దున్నే ఆయన పేరెందుకు ఎత్తుతావు? కదిరిలో మీటింగుంది, నేను పోవల్ల," అని బండి స్టార్టు చేశాడు. మీటింగంటే మండలం లీడరూ, పనుల కాంట్రాక్టరూ అయిన జయరాముడు మాట్లాడుతుంటే వెనక నిలబడటం. ఇరవై ఏళ్ళుగా అక్కడ నిలబడీ నిలబడీ ఆ మనిషికి కాళ్ళు కూడా నొప్పి పుట్టడం మానేశాయని చెన్నమ్మకు మంట.

కూతురు ప్రసూన కూడా అప్పుడే బయలుదేరింది. వ్యవసాయం డిగ్రీ చదివి, ఉద్యోగానికి పోనంటే పోనని తోట పట్టుకున్న పిల్ల. తమ పొలాలకు పైనున్న తుమ్మలవంక అనే వాగు మీద చెక్‌డ్యామ్ కట్టమని, పన్నెండు మంది రైతుల చేత సంతకాలు పెట్టించి ఆరు నెలల కిందట ఆఫీసులో అర్జీ ఇచ్చింది. వంకలో వాననీళ్ళు నాలుగు దినాలు నిలిస్తే కింద బోర్లన్నీ ఊరతాయి. ఈ రోజు జవాబు చెప్తామన్నారట.

"వస్తాదా పాపా?" అంది చెన్నమ్మ.

"రాకుండా ఎట్లా పోతాదిమా? అన్ని కాయితాలూ పెట్టినా."

ఆ పిల్ల మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చెప్పులు విప్పింది, కాళ్ళు కడుక్కోలేదు, మంచినీళ్ళు అడగలేదు. తిన్నగా నడవలోకి పోయి, స్టూలెక్కి, గోడకు తగిలించి ఉన్న పటాన్ని కిందికి దించింది.

"మ్మే, మ్మే! దాన్నెందుకు తీస్తాండావు?" చెన్నమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఇంట్లో దేవుడి పటాల తర్వాత చెన్నమ్మ రోజూ తుడిచే పటం అదొక్కటే. అందులో చెన్నమ్మ పండుమిరపకాయ రంగు చీరె కట్టుకుని, చంకన నిండు బిందెతో, నిండా నీళ్ళున్న చెక్‌డ్యామ్ పక్కన నిలబడి నవ్వుతోంది.

"అర్జీ కొట్టేసినారుమా. మన తుమ్మలవంక మీద చెక్‌డ్యామ్ ఉండాదంట. నాలుగేండ్ల కిందనే కట్టేసినారంట. ఉన్న చోట మళ్ళీ కట్టడానికి రూలు లేదంట."

"ఎవుడు చెప్పినాడు? యాడుండాది? నిన్న గూడా మేకలు ఆ వంకలోనే పండుకున్నాయి గదా!"

"కంప్యూటర్లో ఉండాది. నేనూ నీ మాదిరే అడిగితే ఇంజినీరు ఫోటో చూపించినాడు." ప్రసూన పటాన్ని తల్లి ముందు పెట్టింది. "ఇదే ఫోటో. అందులో నువ్వు నగుతాండావు."

చెన్నమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుని పటాన్ని దగ్గరికి లాక్కుంది.

నాలుగేళ్ళ కిందట ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. జయరాముడి జీపులో ఊరి ఆడవాళ్ళను ఆరుగురిని ఎక్కించుకుని మడకశిర దిక్కు తీసుకుపోయారు. బిందెలు కూడా తెచ్చుకోమన్నారు. "మంచి చెక్‌డ్యామ్ చూపిస్తాం, మన ఊరికీ అట్లాంటిదే వస్తాది," అన్నాడు హనుమంతరాయుడు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసేసరికి చెన్నమ్మకు ఒళ్ళు తెలియలేదు. గట్టుకు పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం వెలిగించి, చేతి గాజులు రెండు తీసి గంగమ్మకు వదిలి, మా ఊరికీ రా తల్లీ అని మొక్కుకుంది. అక్కడి ఆడవాళ్ళు కన్నడంలో ఏదో అనుకుని నవ్వారు. "నగమ్మా, బాగా నగు," అని ఫోటో తీశాడు ఒకతను. ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి పంపింది జయరాముడే.

హనుమంతరాయుడు రెండు గంటలకు వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఖాళీ గోడ చూశాడు, కూతురి ముఖం చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆయనకు అర్థమైంది.

"అర్జీ పెట్టేముందు నన్నొక మాట అడిగినావా?" అన్నాడు.

"ఏమని అడగల్ల నాయనా? కట్టని చెక్‌డ్యాముకు కట్టినట్టు సంతకం పెట్టినావా అనా?"

"పెట్టినా! ఏమిప్పుడు? నేనొక్కడినే పెట్టినానా? మన తోటకాడికి ట్రాన్స్‌ఫార్మర్ ఎట్లొచ్చిందనుకున్యావు? మూడేండ్లు తిరిగినా రాంది, సంతకం పెట్టిన పదో రోజు వచ్చింది. నీ చదువు, ఈ తోట, అంతా దాని మిందనే నడిచింది."

"ఔ, కరెంటొచ్చింది. తోడేదానికి నీళ్ళేవి?"

హనుమంతరాయుడు సంగటి ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"కుళ్ళాయప్ప మామ గొర్లమ్ముకుని బెంగళూరులో గేటుకాడ కావలి నిలబడినాడు," అంది ప్రసూన. "గోవిందప్ప తాత ఎండిన తోట మొత్తం నరికేసినాడు. లెక్కల్లో చూస్తే మన మండలమంతా చెరువులే నాయనా, కాలవలే. ఇంగేం కట్టల్ల అంటారు పైనోళ్ళు. లెక్కల్లో గూడా లేకుంటే ఎప్పుడో ఒకప్పుడు కట్టిందురు. ఉందని రాసినారు గాబట్టి ఇంగ ఎప్పటికీ కట్టరు. ఎల్లుండి బడికాడ ఈ పనుల మింద తనిఖీ సభ ఉండాది, నేను లేచి చెప్తా."

"చెప్పు! దుడ్లు జయరాముడు తినె, సంతకం నాది. కేసు నా మింద పడుతుంది. నన్ను జైల్లో పెట్టిచ్చి నువ్వు తోట పెంచుకో!"

"మ్మే, ఊరుకో!" చెన్నమ్మ కూతురి మీదే విరుచుకుపడింది. "నాయన అనే భయముండాదా నీకు? చెట్లు పోతే పోనీ, మనిషిని పోగొట్టుకుంటామా?"

ప్రసూన కళ్ళనీళ్ళు పెట్టుకుని బయటకు పోయింది. చెన్నమ్మ చెంబుతో మొగుడికి నీళ్ళిచ్చి, ఆయన తాగేవరకు ఆగి, నెమ్మదిగా అడిగింది.

"నన్ను జీపెక్కించిన పొద్దు నీకిది తెల్సునా?"

ఆయన ఖాళీ చెంబును చేతిలో తిప్పుతున్నాడు.

"తెల్సునా అంటాండా."

"తెల్సు."

"గాజులు తీసి నీళ్ళల్లో వేస్తాంటే పక్కనే ఉన్న్యావు గదప్పా. మన ఊరికి రమ్మని మొక్కుకుంటాంటే వింటాంటివి గదా. నాలుగేండ్లు నేనా పటం తుడస్తాంటే చూస్తానే ఉన్న్యావా?"

ఆయన చెంబు కింద పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. చెన్నమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ పూట నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, చొక్కా ఉతికేది, మాట మాత్రం లేదు. అబద్ధం చెప్పినందుకు కాదు ఆమె బాధ. ఊళ్ళో ఎందరో చెప్తారు అబద్ధాలు. తన మొక్కును కూడా ఆ అబద్ధంలో వాడుకున్నారే, అది ఆమెకు మింగుడు పడలేదు.

మరుసటి రోజు సాయంత్రం తోటలోకి పోతే, చెట్ల మధ్య ఎవరో వంగి కనబడ్డారు. హనుమంతరాయుడే. తెల్లచొక్కా విప్పి కొమ్మకు తగిలించి, వీధి కొళాయి నుంచి బిందెతో తెచ్చిన నీళ్ళు ఒక చెట్టు పాదులో పోస్తున్నాడు. అది వాళ్ళు మొదట నాటిన చెట్టు. అరవై దగ్గరపడిన మనిషి, నడుం పట్టుకుని రొప్పుతున్నాడు. చెన్నమ్మకు జాలి వేసింది, జాలి వేసినందుకు కోపమూ వచ్చింది.

"రెండొందల చెట్లకు ఎన్ని బిందెలు మోస్తావు?" అంది. నిన్నటి నుంచి ఆయనతో ఆమె ఆడిన మొదటి మాట అదే.

"ఇదొక్కటన్నా బతికించుకుందామని మ్మే," అన్నాడాయన, తల ఎత్తకుండా.

సభ రోజు బడి ఆవరణలో షామియానా వేశారు. ఉన్న వాళ్ళలో సగం ముసలివాళ్ళు. వయసులో ఉన్న వాళ్ళంతా బెంగళూరు బస్సెక్కి ఎన్నాళ్ళయిందో. ముందు వరుసలో, కుర్చీలో, జయరాముడు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ శశి ఒక్కొక్క పనీ చదువుతోంది. "అభ్యంతరం ఉందా?" అంటుంది, ఎవరూ పలకరు, కాగితం తిప్పుతుంది.

"తుమ్మలవంక చెక్‌డ్యామ్. పని పూర్తయింది, వాడుకలో ఉంది. అభ్యంతరం ఉందా?"

ప్రసూన లేవబోయింది. తండ్రి మీద కూతురు చెప్పేకన్నా పటంలో నవ్విన తనే చెప్పడం మేలనుకుని, చెన్నమ్మ ఆ పిల్ల భుజం అదిమి కూర్చోబెట్టి, తనే లేచింది. చంకలో టవలు చుట్టిన పటం ఉంది. నడిచిపోయి దాన్ని ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టింది.

"ఈ బొమ్మలో ఉండేది నేనేమ్మా. పేరు చెన్నమ్మ. మనిషి ఈ ఊరిదే, నీళ్ళు మాత్రం ఈ ఊరివి గాదు. మమ్మల్ని జీపులో తోలుకపోయి, పక్కోళ్ళ నీళ్ళకాడ నిలబెట్టి తీసినారు. తుమ్మలవంకలో ఒక్క రాయి గూడా పెట్టలేదు."

షామియానా కింద కలకలం రేగింది. జయరాముడు మాత్రం కదలలేదు, నవ్వాడు.

"ఏమ్మా చెన్నమ్మా, పని పూర్తయిందని సంతకం పెట్టింది నీ మొగుడే గదా. మర్చిపోయినావేమో."

చెన్నమ్మ మర్చిపోలేదు, ఆ మాటే రెండు రోజులుగా ఆమెను తింటోంది. తలకాయ తిప్పి మొగుడి వైపు చూడటానికి కూడా ధైర్యం చాలలేదు.

వెనక నుంచి గొంతు వినబడింది.

"సంతకం నాదే." హనుమంతరాయుడు లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన నిలబడే చోటు జయరాముడి కుర్చీ వెనకే. ఈ రోజు అక్కడ నుంచి ముందుకు నడిచొచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. "చెక్‌డ్యామ్ లేదమ్మా. లేదని తెలిసే పెట్టినా. కాయితం తీసుకొచ్చి ఈ జయరాముడన్న పెట్టమన్న్యాడు, నేను పెట్టినా. నాకేం పడుతుందో అది పడనీ. మీరు మాత్రం అది లేదని రాసుకోండి."

జయరాముడు కుర్చీ వెనక్కి తోసి, ఎవరికో ఫోను చేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆపిన వాళ్ళు లేరు. ముసలి గోవిందప్ప మాత్రం లేచి, "నేనూ సాచ్చికం చెప్తా," అన్నాడు. ఆయన వెనక ఇంకో నలుగురు లేచారు.

ఆఫీసరమ్మ అందరినీ వెంటబెట్టుకుని వంకకు వచ్చింది. ఎర్రటి ఎండ. వంక నిండా ఇసుక, మేక పెంటికలు. కొలతలు తీస్తుంటే హనుమంతరాయుడే టేపు ఒక కొస పట్టుకున్నాడు.

"అమ్మా, మీరు ఆ ఫోటోలో ఎట్లా నిలబడ్డారో, ఇక్కడా అట్లాగే నిలబడండి. రెండూ పక్కపక్కన పెట్టి రిపోర్టులో పంపిస్తా," అంది శశి.

ప్రసూన పరుగెత్తి ఇంటి నుంచి బిందె తెచ్చింది. అదే బిందె. చెన్నమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఇసుకలో నిలబడింది. ఈసారి నగమని ఎవరూ అనలేదు. ఎందుకో ఉన్నట్టుండి ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. గాజులు గుర్తొచ్చాయి, ముడుచుకున్న ఆకులు గుర్తొచ్చాయి, గేటు దగ్గర నిలబడిన కుళ్ళాయప్ప గుర్తొచ్చాడు.

"కొంచెం ఆగి తీస్తాలే అమ్మా," అంది శశి.

"వద్దు తల్లీ. ఇట్లనే తియ్యి. పైనోళ్ళు ఇది గూడా చూడనీ."

ఫోటో అయ్యాక హనుమంతరాయుడు వచ్చి ఆమె చంకలోంచి బిందె తీసుకున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ మొక్కు చెడగొట్టినా మ్మే," అన్నాడు.

"చెడిందో లేదో గంగమ్మ చెప్తాది, నువ్వెవురు చెప్పేదానికి?" అంది చెన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "నడువు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు."

ముగ్గురూ గట్టు వెంట ఇంటికి నడిచారు. కేసు ఎట్లా వస్తుందో, చెక్‌డ్యామ్ ఎప్పుడొస్తుందో, అంతవరకు ఎన్ని చెట్లు మిగులుతాయో వాళ్ళెవరికీ తెలియదు. ఇంట్లోకి రాగానే ప్రసూన నడవలో ఆగి ఖాళీ గోడ చూసింది.

"అమ్మా, ఈ మేకు పీకేద్దునా?"

"ఉండనీ," అంది చెన్నమ్మ పొయ్యి ముట్టిస్తూ. "మన నీళ్ళకాడ తీయించుకున్న పొద్దు తగిలిస్తాం."